చాటలో చెరిగిన మందు

మా ఆఫీసులో ఎమ్మిగనూరు కోడి కథ తెలియనివాళ్ళు లేరు. ఏ పనైనా పల్లెటూరివాళ్ళ చేతిలో చెడిపోయిందంటే చాలు, "అదీ ఎమ్మిగనూరు కోడి ఎత్తుకుపోయిందా?" అని నవ్వుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. చెప్పిన ప్రతిసారీ కాస్త ఉప్పూ కారం కలిపిందీ నేనే. అందులో ఊరు ఉంది, కోడి ఉంది, నవ్వు ఉంది. జరిగిన సంగతి మాత్రం లేదు. ఆదోని వైపు ఒక్కసారైనా పోనివాళ్ళు కూడా ఆ కథ పట్టుకుని అక్కడి మనుషుల్ని అంచనా కడుతున్నారు. అందుకని ఆ ప్రయాణాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

బుట్ట

ఎనభైల నడిమి సంవత్సరాల మాట. మాది గోదావరి జిల్లా అయినా, పురుగుల్ని పెంచి పరిశీలించే ఒక పరిశోధనశాలలో ఉద్యోగం కనక బెంగుళూరులో ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో మా చేతికి పరదేశం నుంచి ఒక ముక్కుపురుగు వచ్చింది. గోధుమరంగు, బియ్యపుగింజంత ఒళ్ళు, ముందుకు వంగిన ముక్కు. అది గుర్రపుడెక్క తప్ప మరో మొక్కను ముట్టదు. రాత్రిళ్ళు ఆకును గీకి తింటుంది, తొడిమలో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు తొడిమను తొలుచుకుంటూ మొదలు దాకా దిగుతుంది. గాలితో ఉబ్బి తేలే మొక్క నీళ్ళు తాగి, బరువెక్కి, ఒక రోజు నెమ్మదిగా మునిగిపోతుంది. కత్తి అక్కర్లేదు, విషం అక్కర్లేదు.

గుర్రపుడెక్క నాకు చిన్నప్పటి నేస్తం. మా కాలవల్లో ఊదారంగు పూలతో అది తేలుతూ వస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. బుడగల్లాంటి తొడిమల్ని కాలికింద వేసి టప్పుమనిపించేవాళ్ళం. అంత అందమైన మొక్క కాలవ గొంతు నులుముతుందని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఒకసారి రైతుల సభకు వచ్చినవాళ్ళలో మహబూబ్ సాబ్ అనే ఆయన మా తొట్ల ముందు ఆగిపోయాడు. ఒక తొట్టిలో గుర్రపుడెక్క పచ్చగా నవనవలాడుతోంది. పక్కదానిలో మాడి, నల్లబడి మునిగిపోతోంది. "ఏం మందు కొట్టినారు సార్ దీనికి?" అని అడిగాడు. మా పైఅధికారి "కొత్త మందు" అన్నాడు. మహబూబ్ సాబ్‌ది ఎమ్మిగనూరు అవతల ఒక పల్లె. తుంగభద్ర కాలవ నీళ్ళు అక్కడ ఒక కుంటలోకి చేరి, తూము గుండా పొలాలకు పారతాయి. ఆయన మడి చిట్టచివరిది. కుంటంతా ఈ గడ్డి అల్లుకుని, తూము నోరు మూసుకుపోయి, రెండేళ్ళుగా ఆయన ఉల్లిగడ్డకు నీరు అందడంలేదు. ఈసారీ అందకపోతే మడి వదిలేసి ఆదోని జిన్నింగు మిల్లులో దూది మోయడానికి పోవాల్సిందేనన్నాడు. ఇదివరకు ఒక ఎండాకాలం పోయాడట. అప్పుడు పట్టిన దగ్గు మాట్లాడుతున్నంతసేపూ వినబడుతూనే ఉంది.

ఆయన పోయాక మా పైఅధికారి నన్ను పిలిచి, అది పత్తి సీమ, పురుగు అన్న మాట నోట రానియ్యకు, తరిమికొడతారు అన్నాడు. మందు అని చెప్పి వదిలేసి రమ్మన్నాడు. నాకూ సబబే అనిపించింది. మేదరబుట్టలో గుర్రపుడెక్క మొక్కలు, వాటి మధ్య పురుగులు, పైన తడిగుడ్డ. అలా బయల్దేరాను.

గుంతకల్లు దాటాక

తెల్లారేసరికి కిటికీలో నల్లరేగడి. మా వైపు నేలకు ఎప్పుడూ ఏదో పచ్చదనం కప్పి ఉంటుంది. ఇక్కడ నేల తన ఒళ్ళంతా చూపిస్తూ పడుకుని ఉంది. దాని మీద మంచు పొగలా కదులుతోంది. రైలు ఆ పొగలో పరుగెడుతోందో, నిలబడే ఉందో తెలియనంత మెల్లగా పోతోంది.

ఎదురుగా మంత్రాలయం పోయే ఒక ముసలవ్వ కూర్చుంది. చాలాసేపు బుట్టవైపే చూసి, లోపల పిల్లిపిల్ల ఉందా అని అడిగింది. మందు అన్నాను. దేనికంది. గడ్డికి అన్నాను.

"గడ్డికి మందేందప్పా? దానికేం రోగమొచ్చె?" అని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని మోకాలు చూపించింది. "దీనికి పనికొస్తాదేమో రవ్వంత ఇయ్యి."

అది పూసుకునే మందు కాదని నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పిసినారినని అనుకుందో ఏమో, నేను ఆదోనిలో దిగుతుంటే ముఖం తిప్పుకుంది.

ఆదోని

ఊరు కంటే ముందు కొండ కనబడుతుంది, కొండ మీద కోటగోడ. పత్తి కాలం. దూది బళ్ళు బజారు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. దూది రేకలు ముళ్ళకంపల మీద, కరెంటు తీగల మీద, టీ కొట్టు పాకమీద, నిద్రపోతున్న కుక్క వీపుమీద. గాలి వీస్తే అన్నీ ఒక్కసారి లేచి, కాసేపు తేలి, మళ్ళీ ఎక్కడో వాలేవి. ఆ వీధుల్లో నడుస్తుంటే నాది కాని కలలోకి తప్పిపోయి వచ్చినట్టుంది. చెనక్కాయల నూనెమిల్లు వాసన ఒక్కటే అది కల కాదని చెబుతోంది.

హోటల్లో ఉగ్గాని పెట్టారు. మేము మరమరాలు అనేవాటిని వీళ్ళు బొరుగులంటారు. మా వైపు అవి సంతలో పిల్లలకు కొనిపెట్టే పొట్లం. ఇక్కడ నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ పోపులో కలిపి, పప్పులపొడి చల్లి పొద్దుటి ఫలహారం చేస్తారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అంతా కలిపి రూపాయి. మొదటి బజ్జీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హోటలాయన నవ్వి, కోస్తా వాళ్ళకు ఏడుపు తొందర అన్నాడు. గుంటూరు కారం సంగతి చెప్పి మా పరువు నిలబెట్టాను. అసలు నేను గుంటూరువాణ్ణి కాదని చెప్పలేదు.

ఎమ్మిగనూరు బస్సులో పక్కన కూర్చున్నాయన కూడా బుట్ట గురించి అడిగాడు. మందు అన్నాను. ఆయన కన్నుగీటి, తడిగుడ్డ ఎత్తి వాసన చూసి, "నాటుదా?" అన్నాడు. ఒకే మాట ఒక పూటలో ముసలవ్వకు మోకాలి తైలమైంది, ఈయనకు సారాయైంది. నాలో నేను నవ్వుకున్నాను. ఆ మాట ఇంకోచోట ఇంకోలా వినబడుతుందని అప్పుడైనా తట్టి ఉండాల్సింది.

ఎమ్మిగనూరు దాటి

ఎమ్మిగనూరులో బస్సు దిగగానే వినబడేది మగ్గాల చప్పుడు. రంగులద్దిన నూలు వీధుల్లో ఆరబోసి ఉంది, ఎరుపు, నీలం, పసుపు. వాటి మధ్యనుంచి మహబూబ్ సాబ్ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. బుట్టను చంటిబిడ్డలా చేతుల్లోకి తీసుకుని క్యారేజీ మీద కట్టాడు. మేం పక్కన నడిచాం. దారిలో ఎదురైన ప్రతివాడితోనూ "మందొచ్చింది, మందొచ్చింది" అంటూనే ఉన్నాడు. ఒకడు వెనక్కి తిరిగి, "నీ దగ్గుకా సాబూ, గడ్డికా?" అని అరిచాడు. రెండింటికీ అన్నాడాయన.

ఇల్లు చిన్నది, శుభ్రంగా అలికి ఉంది. ఆయన ఇంటామె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. మేము చేట అంటాం, వాళ్ళు చాట అంటారు. గింజలు గాలిలోకి లేచి మళ్ళీ చాటలో పడేటప్పుడు దూరంగా వాన మొదలైనట్టు చప్పుడు. ఒక ఎర్రకోడి, వెనక మరో నాలుగు, ఆమె చుట్టూ తిరుగుతున్నాయి.

ఎండ తగ్గాక పురుగుల్ని వదలాలి. ముందు కుంట చూసి చోటు ఎంచుకోవాలి. బుట్ట నీడన పెట్టమని, గుడ్డ ఆరకుండా నీళ్ళు చల్లమని ఆమెకు చెప్పాను.

"లోపల ఏముంది సార్?" అంది.

"మందమ్మా."

"ఆకు మందా?"

తడిగుడ్డ సందులోంచి ఆకులు కనబడుతున్నాయి. "ఆఁ, ఆకు మందే," అన్నాను.

ఆమె బుట్టను రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుంది. ఇది పనిచేస్తే చాలు సార్, మళ్ళీ ఈయప్పను ఆ దూది మింగే పనికి పంపను అంది. ఇప్పటికీ ఆమె ముఖం గుర్తొస్తే, బుట్టను కళ్ళకద్దుకున్న ఆ క్షణంలోనే గుర్తొస్తుంది.

కుంట

కుంటను చూసి, అది నీళ్ళని నమ్మలేకపోయాను. గట్టు నుంచి గట్టు దాకా ఊదాపూల చేను. దానిమీద కొంగలు నడుస్తున్నాయి. గాలి వస్తే చేను మొత్తం ఒక్క ఊపిరిగా లేచి దిగేది. అలాంటి చోట నిలబడితే మనిషికి నిద్ర కాని నిద్ర వస్తుంది. మహబూబ్ సాబ్ ఒక రాయి విసిరాడు. చప్పుడు రాలేదు. రాయి ఆకుల మీద కూర్చుండిపోయింది.

"నా మడి ఆడ," అని చెయ్యి చూపించాడు. దూరంగా ఎండిన ముక్క. నారు పోసి ఉంచానని, తూము కాస్త తెరుచుకున్నా చాలని చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. ఒక ఏడాది, రెండేళ్ళు కూడా పట్టవచ్చు, అందాకా తూము దగ్గర చేత్తో పీకుతూ ఉండాలన్నాను. రెండేళ్ళు పీకినోణ్ణి ఇంకో రెండేళ్ళు పీకలేనా అన్నాడాయన. ఆ తర్వాత దగ్గు వచ్చింది. గట్టు మీద కూర్చుని తగ్గేదాకా దగ్గాడు.

చాట

తిరిగి వచ్చేసరికి ఇంటామె గడపలో ఎదురుచూస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

"సార్, మీ మందుకు పురుగు పట్టింది. మీరు సూసుకోనట్లుంది. జొన్నల్లో పడతాదే ముక్కుపురుగు, అదే. ఇంకా రవ్వంత లావు. ఒక్కొక్క ఆకే దులిపి, చాటలో చెరిగి, అంతా తీసేసినా."

ఆకులు మాత్రం శుభ్రంగా కడిగి, తడిపిన గోనెపట్టాలో చుట్టి, కుండల పక్కన చల్లటి మూలలో పెట్టి ఉన్నాయి. చాట గోడకు ఆనించి ఉంది. పెరట్లో ఎర్రకోడి నేలను గీరి, ముక్కుతో పొడిచి, తల ఎత్తి నావైపు చూసింది. నేలమీద ఏమీ మిగల్లేదు.

నేను ఏం చెప్పాలి? ఆ పురుగే మందమ్మా అని ఒక్కమాట. అది చెప్పాలంటే ఆకు మందు అని చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. పక్కన మహబూబ్ సాబ్ ఉన్నాడు. ఊరంతా మందొచ్చిందని చాటుకున్నాడు. వీధిలో పిల్లాజెల్లా చేరుతున్నారు.

"మంచి పని చేశావమ్మా," అన్నాను.

పొద్దు వాలుతుండగా గోనె విప్పి ఆకుల్ని కుంటలో వదిలాం. తొడిమల లోపల గుడ్లూ పిల్లపురుగులూ ఉంటే ఉండవచ్చు. ఇంత ప్రయాణం చేసి, ఇంత కడుగుడు పడ్డాక బతికి ఉంటాయన్న ఆశ నాకు లేదు. కార్తీకదీపాలు వదిలినట్టు ఒక్కొక్క మొక్కనూ తూముకు దగ్గరగా వదిలాను. మహబూబ్ సాబ్ కళ్ళు మూసుకుని దువా చేశాడు. గట్టు మీద జనం గుసగుసలు మానేశారు. ఊదారంగు నీళ్ళ మీదా ఆకాశం మీదా ఒక్కటే అయింది. అంత అందమైన సాయంత్రం నేను మళ్ళీ చూడలేదు. అంత దొంగలా నేను ఇంకే సాయంత్రమూ నిలబడలేదు.

ఆ రాత్రి జొన్నరొట్టె, చెనక్కాయల కారం, కోడికూర. మందు తెచ్చిన సారుకని ఎర్రకోడినే కోశారు. వాళ్ళింట్లో గుడ్లు పెడుతున్నది అదొక్కటే. మా వైపు అతిథికి విస్తరినిండా వడ్డించి పక్కన కూర్చుంటారు. ఆమె రొట్టె తట్టి, వేడివేడిగా నా పళ్ళెంలో వేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. తినేలోగా ఇంకోటి వచ్చేది. నేను కడుపునిండా తిన్నాను.

బెంగుళూరు

తిరిగి వచ్చాక ఏమైందని అడిగారు. మెత్తగా చెబుదామనుకున్నాను. నా నోట వచ్చింది మాత్రం కథ. "ఎమ్మిగనూరులో ఒకావిడ నా పురుగుల్ని కోడికి వేసింది, ఆ కోడిని నాకు వేసింది." గది గదంతా నవ్వింది. ముందే చెప్పలేదా అని ఎవరో అడిగారు. విడమరిచి చెప్పాననీ, అర్థమైతేగా అనీ అన్నాను. ఆ మాటతో తప్పంతా ఎమ్మిగనూరుకు పోయింది, నవ్వంతా నాకు మిగిలింది. కొత్తగా శిక్షణకు వచ్చినవాళ్ళకు కూడా మావాళ్ళు ఈ కథే మొదటి పాఠంగా చెప్పేవారు. మొదట్లో బాగుండేది. తర్వాత్తర్వాత, ఎవరైనా మొదలుపెడితే లేచి బయటికి పోయేవాణ్ణి.

కుంట ఏమైందని నేను ఏనాడూ కనుక్కోలేదు.

మళ్ళీ ఆదోని

మూడేళ్ళ తర్వాత రాయచూరులో పనిపడి పోతుంటే రైలు ఆదోనిలో ఆగింది. మళ్ళీ పత్తి కాలమే. ఒక దూదిరేక కిటికీలోంచి వచ్చి నా చొక్కా మీద వాలింది. అది దులుపుకోబోయి, ఎందుకో సంచీ తీసుకుని దిగిపోయాను.

ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి మహబూబ్ సాబ్ పల్లెకు నడిచాను. ఊరి మొదట్లో నేను వెతికింది ఊదాచేను. అది లేదు. కుంట ఉండాల్సిన చోట ఆకాశం పడుకుని ఉంది. ఒక మూల మాత్రం కొద్దిపాటి గుర్రపుడెక్క మిగిలింది, ఆకులు గోధుమరంగు తిరిగి, మశూచి పోసిన ముఖంలా చిన్నచిన్న గుంటలతో. ఆ మచ్చలు ఏ పురుగు పెట్టినవో నాకు తెలుసు. ఒక తొడిమ విరిచి చూశాను. లోపల తెల్లటి పిల్లపురుగు ముడుచుకుని పడుకుని ఉంది. గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. తూములోంచి నీళ్ళు పారుతున్న చప్పుడు.

మహబూబ్ సాబ్ తన మడిలోంచి నన్ను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. మొదటి ఏడాది చేత్తోనే పీకాడట, రెండో ఏడాది నుంచి గడ్డి తనంతట తానే మునగడం మొదలుపెట్టిందట. దగ్గు పూర్తిగా పోలేదు గానీ మిల్లుకు మళ్ళీ పోలేదు. మీ మందు మహిమ సార్ అంటూ ఇంటికి లాక్కుపోయాడు.

ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నేను కూర్చుని, నీళ్ళు తాగి, మొత్తం చెప్పాను. బుట్టలో ఉన్నది పురుగులేనని, ఆ పురుగులే మందని. ఆమె కడిగి దాచిన తొడిమల్లో గుడ్లు మిగిలి ఉంటాయని, ఆ తడిగోనె లేకపోతే అవీ పోయేవని.

చాట ఆగింది.

"మరి నేనడిగితే ఆకు మందు అంటిరే?"

"అన్నానమ్మా."

ఆమె భర్తవైపు చూసింది. ఆయన నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"మందును కోడి తినె. కోడిని సారు తినె. ఈ సారుకేం గడ్డి మొలిసిండెనో లోపల, అదన్నా పోయిందో లేదో అడుగు," అంది భర్తతో.

మహబూబ్ సాబ్ నవ్వలేక దగ్గాడు, దగ్గలేక నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు ఆమె నవ్వు ఆపి, "ఈ సంగతి ఆడ మీ వాళ్ళకు సెప్పినారా?" అంది.

చెప్పానన్నాను. ఎట్లా చెప్పానో కూడా చెప్పాను. నవ్వుకున్నారన్నాను.

"నా పేరు సెప్పినారా?"

ఆమె చేతి రొట్టె తిన్నాను, ఆమె కోడిని తిన్నాను, పేరు అడగలేదు. "ఎమ్మిగనూరు ఆవిడ అన్నాను," అన్నాను.

"ఎమ్మిగనూరు యాడిది సార్? అది మీరు బస్సు దిగిన ఊరు." ఆమె చాట మళ్ళీ అందుకుంది. గింజలు లేచి పడ్డాయి. "నవ్వుకుంటే నవ్వుకోనీండి. ఆ పొద్దు నేను సేసింది నవ్వే పనే. కానీ మళ్ళీ సెప్పేటప్పుడు గడ్డి పోయిందని గూడా సెప్పండి. ఆకులు కడిగి తడిగోనెలో సుట్టింది ఎవరో సెప్పండి. అది సెప్పి, అప్పుడు పేరు సెప్పండి."

అడిగి తెలుసుకుని వచ్చాను.

గడ్డి పోయింది. కుంటలో ఇప్పుడు నీళ్ళు కనబడతాయి. ఆకులు కడిగి, తడిగోనెలో చుట్టి, చల్లటి మూలలో పెట్టిన ఆమె పేరు జైనబ్బీ.